నీళ్ళ మేళం

తిరుప్పూరులో మా అపార్ట్‌మెంటు బోరు ఎండిపోయింది. వేరే చోట కొత్తది వేయాలని అందరూ కూర్చుని తీర్మానించి, చోటు చూపించడానికి ఒక ఇంజనీరును పిలిపించారు. ఆయన కారులో వచ్చాడు. నేలలో నాలుగు ఇనుప కడ్డీలు గుచ్చి, వాటికి వైర్లు తగిలించి, చేతిలోని పెట్టె మీద ఏవో గీతలు చూసి, స్కూటర్లు నిలిపే షెడ్డు పక్కన సున్నంతో గుర్తు పెట్టాడు. "తణ్ణి ఇరుక్కు సార్, గ్యారంటీ" అన్నాడు అరవంలో. నీళ్ళున్నాయని భరోసా ఇచ్చేసి, వాచ్‌మన్ అందించిన సీసా ఎత్తి గటగటా సగం తాగేశాడు.

నాకు ఒళ్ళు మండింది. ఎండలో నిలబడి పనిచేసిన మనిషి దాహమేసి నీళ్ళు తాగితే నీకెందుకమ్మా మంట అని ఎవరైనా అడగొచ్చు. కానీ బాల్కనీలో నా పక్కన కుర్చీలో కూర్చున్న మా నాయనకు అడగాల్సిన పని లేకపోయింది. ఎనభై మూడేళ్ళు ఆయనకు. చెవులు మొరాయించాయి గానీ కళ్ళు ఇంకా గద్ద కళ్ళే.

"పడకముందే తాగేసె చూడు" అన్నాడు.

"ఊఁ" అన్నాను.

ఇద్దరికీ గుర్తొచ్చింది ఒక్కరేనని ఇద్దరికీ తెలుసు. ఆ మనిషి పోయి నాలుగు నెలలు. పోయాడని చెప్పిన రోజు నాయన "అట్లనా" అన్నాడు, అంతే. కాఫీ చల్లారిపోయేదాకా గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. అంతకు ముందు పాతికేళ్ళుగా మా ఇంట్లో ఆయన మాట ఎవరూ ఎత్తలేదు.

ఆయన పేరు రాయను. రాస్తే వాళ్ళ పిల్లలు చదివి నొచ్చుకుంటారని కాదు. ఇంట్లో తెలుగు మాట్లాడుకునే మా కోయంబత్తూరు, మదురై వైపు జనంలో తెలుగు చదవడం వచ్చినవాళ్ళు ఎంతమందని! నేనే నలభై దాటాక పిల్లల వాచకం ముందు పెట్టుకుని అక్షరాలు దిద్దుకున్నాను. పేరు రాయకపోవడానికి కారణం వేరు. ఆ పేరు రాయడానికి నాకు ముఖం చెల్లదు. ఊళ్ళో అందరూ అనేది నీళ్ళ మేళం అని. నేను మామా అని పిలిచేదాన్ని.

మా ఊరు కోయంబత్తూరుకు తూర్పున, పల్లడం దారిలో ఉంది. ఆ చుట్టుపక్కల పెళ్ళయినా, చెవులు కుట్టినా, అమ్మవారి పండగైనా ఆయన నాదస్వరమే. ఆడి, మార్గళి అనే అరవ నెలల్లో ముహూర్తాలుండవు. ఆ రెండు నెలలూ తోటల వెంట తిరిగి, ఎక్కడ బోరు వేస్తే నీళ్ళు పడతాయో చెప్పేవాడు. ఎండాకాలం వచ్చిందంటే మాత్రం రెండు వృత్తులూ కలిసి మీద పడేవి. పొద్దున ఒక ఊళ్ళో తాళి కట్టే వేళకు గట్టిమేళం వాయించి, మధ్యాహ్నం ఇంకో ఊళ్ళో అదే జరీ పంచె మోకాళ్ళ పైకి ఎగగట్టి దున్నిన నేలలో నడుస్తూ కనిపించేవాడు. నొసట పెళ్ళివారు పెట్టిన చందనం ఇంకా రాలి ఉండేది కాదు.

మోపెడ్ మీద వచ్చేవాడు. వీపున ఆకుపచ్చ గుడ్డసంచిలో నాదస్వరం, ముందు బుట్టలో పిలక తీయని టెంకాయ. రెండింటినీ ఎప్పుడూ ఒకచోట పెట్టేవాడు కాదు. "ఒగటి పాడేది, ఒగటి వినేది. రెండిటినీ ఒగే సంచిలో ఏస్తే కొట్లాడుకుంటాయి అమ్మణీ" అనేవాడు. అమ్మణి అంటే మా వైపు ఆడపిల్లను ముద్దుగా పిలిచే మాట. నాకు ఇద్దరు పిల్లలు పుట్టాక కూడా ఆయనకు నేను అమ్మణినే.

నీళ్ళు చూసేటప్పుడు చెప్పులు విప్పేవాడు. టెంకాయను ఎడమ అరచేతిలో అడ్డంగా పడుకోబెట్టి, పెదాలు మూసి, గొంతులోనే శ్రుతి పట్టి, పొలం ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా నడిచేవాడు. కింద నీళ్ళున్న చోట టెంకాయ దానంతటది లేచి నిలబడేది. అప్పుడే ఆయన గొంతులో శ్రుతి కూడా వెంట్రుకవాసి జారేది. అక్కడ మడమతో నొక్కి గుంట పెట్టేవాడు. అది నిజమో కనికట్టో నాకు ఇప్పటికీ తెలియదు. సైన్సు చదువుకున్నదాన్ని, నమ్మకూడదు. కానీ ఆయన మడమ పెట్టిన చోట చాలావరకు నీళ్ళు పడ్డాయి. లేని చోట లేవని మొహం మీదే చెప్పేవాడు. తక్కినవాళ్ళు ఏదో ఒక మూల చూపించి భోజనం చేసి పోయే రోజుల్లో అది చిన్న సంగతి కాదు.

"ఊదేవానికి నోట్లో తడుండల్ల. చూసేవానికి కంట్లో తడుండకూడదు." ఇది ఆయన సొంతంగా అల్లుకున్న సామెత. మొదటి సగం నాకు చిన్నప్పుడే అర్థమైంది. నాదస్వరం కొసన పెట్టి ఊదే చిన్న గడ్డి పీకను సీవాళి అంటారు. తడి లేకపోతే అది పలకదు. అందుకని పెళ్ళి పందిట్లో ఆయన పక్కన ఎప్పుడూ పెద్ద చెంబుతో నీళ్ళు ఉండేవి. పాటకూ పాటకూ మధ్య ఒక గుక్క తాగి, సీవాళిని నాలుకతో తడిపి, మళ్ళీ ఎత్తుకునేవాడు. ఆ సామెత రెండో సగం అర్థం కావడానికి నాకు పంతొమ్మిదేళ్ళు రావాల్సి వచ్చింది.

ఆయనకు ఒక నోటుపుస్తకం ఉండేది. తాను వాయించే కీర్తనలన్నీ అందులో రాసుకున్నాడు. మాటలు తెలుగు, అక్షరాలు అరవం. "తక్కిన విద్వాంసులు అర్థం తెలీక వాయిస్తారు. నాకు అర్థం తెలుసు. మన బాస కదా" అని గర్వపడేవాడు. నాదస్వరంలో మాట వినిపించదు కదా మామా, అర్థం తెలిస్తే ఎవరికి లాభం అని ఒకసారి ఆటపట్టించాను. "నాకు వినిపిస్తది కదా" అన్నాడు. అంత సూటిగా జవాబు చెప్తాడనుకోలేదు, నవ్వు ఆగిపోయింది.

ఇంజనీరు మీద నా మంటకు కారణం ఇప్పుడు చెప్తాను. మామకు ఒక కట్టుబాటు ఉండేది. తాతల నాటిదట. చోటు చూపించిన తర్వాత, అక్కడ నీళ్ళు పడేదాకా ఆ ఇంటి నీళ్ళు ముట్టుకోడు. ఆ నేల మీద నిలబడి తన సొంత సీసాలోవి కూడా తాగడు. బోరులో నీళ్ళు పడిన రోజు మాత్రం కబురు పెట్టగానే పరిగెత్తుకొచ్చేవాడు. మొదటి బురదనీళ్ళు పోయి, తేట నీళ్ళు వచ్చాక, ఇంటి యజమాని చెంబు నింపి అందిస్తే మొత్తం తాగి, మోటారు పక్కనే నిలబడి ఒక కీర్తన వాయించేవాడు. తడిసిన బట్టలతో ఆడవాళ్ళు, ఆ శబ్దానికి బెదిరిన ఎద్దులు, మోటారు హోరులో సగం వినిపించీ సగం వినిపించని నాదస్వరం. చిన్నప్పుడు మేనమామ తోటలో ఒకసారి చూశాను. ఆ రోజు ఆయన మొహంలో ఉన్న సంతోషం ఏ పెళ్ళిలోనూ చూడలేదు.

మరి నీళ్ళు పడకపోతే? దానికీ దారి ఉంది. యజమాని తన చేత్తో చెంబు పట్టుకుని, "తప్పు నీది కాదు, నా నేలది. తాగు" అని అందించాలి. ఆ నీళ్ళు ఎక్కడివైనా సరే. ఆ మాట, ఆ చెయ్యి ముఖ్యం. అప్పుడు కట్టు తెగుతుంది. ఆయన జీవితంలో అలా పడని ఇళ్ళు ఐదారు ఉన్నాయి. ఏడాదికో రెండేళ్ళకో కోపం చల్లారాక వాళ్ళే పిలిచి చెంబు అందించారు. మా ఇంట్లో తప్ప.

మాది కొబ్బరితోట. మా తాత నాటిన చెట్లు. నాకు పంతొమ్మిది నిండిన ఏడు దిగుడుబావిలో నీళ్ళు అడుగుకు పోయాయి. చెట్ల మట్టలు వాలిపోయి, లేత పిందెలు రాలిపోతుంటే నాయన రోజంతా తోటలోనే తిరిగేవాడు. అన్నం ముందు కూర్చుని రెండు ముద్దలు కలిపి లేచిపోయేవాడు. అమ్మ వెనక వెనక తిరిగి బతిమాలేది. నేను కాలేజీ హాస్టలు నుంచి సెలవులకు వచ్చి ఆయన్ను చూసి భయపడ్డాను. మనిషి చొక్కాలో వేలాడుతున్నాడు.

నీళ్ళు చూడటానికి మామను పిలిపించారు. పొద్దున ఏడింటి నుంచి తోటంతా రెండు చాళ్ళు నడిచాడు. టెంకాయ చేతిలో పడుకున్నది పడుకున్నట్టే ఉంది. చివరికి నాయన ముందు నిలబడి, చేతులు కట్టుకుని చెప్పాడు. "లేదుంగ అయ్యా. మీ నేలలో లేదు. బోరెయ్యొద్దండి."

నాయన ఎండిన కాలువ గట్టు మీద కూర్చుండిపోయాడు. ఒక మట్టిబెడ్డ తీసుకుని చేత్తో నలుపుతూ ఉండిపోయాడు.

మామ మోపెడ్ నెట్టుకుంటూ గేటు దాటబోతుంటే నేను వెనక పరిగెత్తాను. ఆ రోజు నేనన్న మాటలు ఒక్కటి కూడా మరిచిపోలేదు. మరిచిపోతే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను.

"మామా, యాడో ఒగ చోట చూపించి పోండి" అన్నాను.

"లేనిదాన్ని ఎట్ల చూపించేది అమ్మణీ?"

"పడకపోతే పడకపాయె. చోటుండాదని చెప్తే నాయన ఇయ్యాల అన్నం తింటాడు. బోరు బండి వచ్చేదాక అన్నా తింటాడు."

ఆయన నన్ను చూశాడు. నా మొహం ఎలా ఉందో నాకు తెలియదు. ఏడుస్తున్నానని మాత్రం తెలుసు. ఆయన కళ్ళు కూడా తడిశాయి.

"పడకపోతే నాయన నన్ను అడుగుతాడు కదా?"

"నేను చెప్తాను. నేనే అడిగితినని చెప్తాను. మీ మీద మాట రానీను మామా. ఒట్టు."

ఆయన మోపెడ్‌కు స్టాండు వేశాడు. టెంకాయ తీసుకుని మళ్ళీ తోటలోకి నడిచాడు. ఈసారి గొంతులో శ్రుతి పట్టలేదు. వాయవ్య మూల, పశువులు నీళ్ళు తాగే రాతి తొట్టి దగ్గర ఆగాడు. టెంకాయ లేచి నిలబడింది. "ఒగ చోటుండాది అయ్యా!" అని కేక వేశాడు. ఆ గొంతు ఆయనది కానట్టుంది.

నాయన ఆ పూట మూడుసార్లు చారు పోయించుకుని అన్నం తిన్నాడు. అమ్మ వంటింట్లోకి పోయి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను గెలిచానని అనుకున్నాను.

బోరు బండి వచ్చింది. నిమ్మకాయలు కోసి, టెంకాయ కొట్టి మొదలుపెట్టారు. మామ కూడా వచ్చి నిలబడ్డాడు. రావాల్సిన పని లేదు, అయినా వచ్చాడు. రెండు రోజులు రాళ్ళపిండి తప్ప ఇంకేమీ పైకి రాలేదు. తెల్లటి పిండి. కొబ్బరిచెట్ల మీద, వాకిట్లో ఆరేసిన బట్టల మీద, మామ జుట్టు మీద పడింది. రాడ్లు అయిపోయాయని బండివాళ్ళు ఇంజను ఆపేశారు. అప్పుడు నాయన మామ దగ్గరికి పోయాడు.

"నా తోట గొంతు కోసితివి గదరా" అన్నాడు. "లేదని చెప్పి పోయినోడివి మళ్ళా ఎందుకు వస్తివి? నిన్ను ఎవరు రమ్మనిరి?"

నేను వాకిట్లో గడప మీద నిలబడి ఉన్నాను. మామ ఒక్కసారి, ఒక్కసారే, నా వైపు చూశాడు. తరువాత నేలచూపులు చూస్తూ, "తప్పాయె అయ్యా. నా చెయ్యి తప్పాయె" అన్నాడు. నేను నోరు మెదపలేదు. రెండడుగులు వేసి నాయన ముందు నిలబడి ఒక్క మాట చెప్పడానికి పెద్ద ధైర్యం అక్కర్లేదు. ఆ కాస్త కూడా నాకు లేకపోయింది. ఒట్టు పెట్టి నెల కూడా కాలేదు.

నాయన ఆ చెంబు అందివ్వలేదు. మామ దాహంతోనే మోపెడ్ ఎక్కాడు. గేటు దాటాక దూరంగా టీకొట్టు దగ్గర ఆగి, మనిషి మొత్తం వెనక్కి వంగి నీళ్ళు తాగడం నేను మా మిద్దె మీద నుంచి చూశాను.

మూడేళ్ళకు నా పెళ్ళి. అప్పటికి సగం చెట్లు తలలు విరిగి మొండి స్తంభాల్లా నిలబడి ఉన్నాయి. పందిరి మాత్రం తోటలోనే వేశారు. మేళం ఎవరిది అన్న మాట వచ్చినప్పుడు నాయన వేరే ఊరివాళ్ళను పిలుద్దామన్నాడు. మా అవ్వ ఒప్పుకోలేదు. "నీ పెండ్లికి వాళ్ళ నాయన వాయించె, నీ చెల్లి పెండ్లికి వాడు వాయించె. మనమరాలికి ఇంగొకడు వాయిస్తే నేను పందిట్లోకి రాను" అంది. నాయన సరేనన్నాడు.

వైశాఖం ఎండ. తెల్లవారుజాము నుంచి తాళి కట్టేదాకా ఆయన వాయించాలి. పక్కన చెంబు లేదు. డోలు వాయించే ఆయనకు మజ్జిగ ఇచ్చారు, తాళం వేసే ఆయనకు ఇచ్చారు. మామ చేయి అడ్డం పెట్టాడు. "వద్దు తాయీ, ఈ మట్టి మీద వద్దు" అనడం అమ్మ విని, వంటల దగ్గర నిలబడి ఉన్న నాయన దగ్గరికి పోయింది. పెళ్ళిపీటల మీద నుంచి నాకు మాటలు వినిపించలేదు గానీ ఆమె రెండు చేతులతో చెంబు పట్టుకుని చూపించడం కనిపించింది. తరువాత అమ్మే చెప్పింది ఏమందో. "ఒగ మాట, ఒగ చెంబు. పెండ్లి కదా, ఇచ్చేయండి." దానికి నాయన, "పడినప్పుడు తాగనీ" అన్నాడట.

మామ ఆరిపోయిన నోటితో వాయించాడు. సీవాళి నాలుగుసార్లు మార్చాడు. కళ్యాణి రాగం ఎత్తుకున్నప్పుడు పై స్థాయిలో ఒక స్వరం చీలింది. పెళ్ళికొచ్చిన ముసలాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఇంత వయసొచ్చి ఇదేం వాయింపు అని ఎవరో నవ్వారు కూడా. మాంగల్యం కట్టే వేళకు మాత్రం గట్టిమేళం ఎక్కడా తగ్గలేదు. అది అయ్యాక నాదస్వరం దించితే సీవాళి కొస ఎర్రగా ఉంది. కింది పెదవి పగిలి నెత్తురు. ఆయన దాన్ని కండువాతో తుడిచి, నా వైపు తిరిగి చేయెత్తి దీవించాడు. మెడలో అప్పుడే పడిన పసుపుతాడుతో నేను తల వంచుకుని కూర్చున్నాను. కొత్త పెళ్ళికూతురు సిగ్గుపడుతోందని అందరూ అనుకుని ఉంటారు.

ఆ తరువాత నేను తిరుప్పూరులో బనియన్ల కంపెనీ ఆఫీసులో చేరాను. పిల్లలు, బస్సులు, ఎగుమతుల గడువులు. నాయన తోట అమ్మేశాడు. అక్కడిప్పుడు రంగురాళ్ళు పాతిన ఇళ్ళ స్థలాలున్నాయి. అమ్మ పోయాక నాయన నా దగ్గరికి వచ్చాడు. ప్రతి ఏడూ ఏదో ఒక సందర్భంలో ఇవాళ చెప్పేయాలి అనుకునేదాన్ని. నాయన ఒంట్లో బాగుంటే, బాగున్న మనిషిని ఎందుకు కదిలించడం అని ఊరుకున్నాను. బాగాలేకపోతే ఇప్పుడా అని ఊరుకున్నాను. తప్పించుకోవాలనుకునే మనిషికి సాకులు కరువా?

పోయిన ఏడాది మదురైకి పడమట తేని ఊళ్ళో మా ఆయన వైపు వాళ్ళ పెళ్ళికి పోయినప్పుడు, మామ అక్కడికి దగ్గర్లోని కంబంలో కూతురి దగ్గర ఉన్నాడని, మంచం పట్టాడని తెలిసింది. పెళ్ళి కాగానే ఒక్కదాన్నే బస్సెక్కాను. దారిలో రెండు వైపులా ద్రాక్షతోటలు, వరిమళ్ళు, నిండుగా పారే కాలువలు. ఇంత నీళ్ళున్న ఊళ్ళో నీళ్ళు చూసే మనిషికి ఏం పని అనుకున్నాను. బస్సులో కూర్చున్నంతసేపూ ఒక అబద్ధాన్ని మనసులో సాన పట్టాను.

వాళ్ళ ఇల్లు కాలువ పక్కనే. మామ వరండాలో నులకమంచం మీద ఉన్నాడు. ముందు పళ్ళు ఊడిపోయాయి. పళ్ళు పోతే నాదస్వరం పోయినట్టే. అది ఆకుపచ్చ సంచిలోనే మేకుకు వేలాడుతోంది. నన్ను గుర్తుపట్టి లేచి కూర్చోబోయాడు.

"అమ్మణీ! మన బాస మాట్లాడే మనిషిని చూసి ఎన్నాళ్ళాయె. నాయన బాగుండాడా?"

"ఉండాడు మామా. కాళ్ళే సరిగా రావు." ఆగితే ధైర్యం పోతుందని గబగబా అందుకున్నాను. "మన తోటలో నీళ్ళు పడె మామా. స్థలాలేసినవాళ్ళు మళ్ళా బోరేసిరి. మీరు చూపించిన చోటనే, ఇంగా లోతుకు పోతే పడె. నాయనే ఈ నీళ్ళు మీకు ఇమ్మని పంపించె. తాగండి."

సంచిలోంచి నీళ్ళ సీసా తీసి అందించాను. ఆయన తీసుకున్నాడు. వెలుతురుకు ఎత్తి చూశాడు. తరువాత దాన్ని ఎడమ అరచేతిలో అడ్డంగా పడుకోబెట్టాడు. నా కళ్ళలోకే చూస్తూ, బొటనవేలితో మెల్లగా నెట్టి దాన్ని లేపి నిలబెట్టాడు.

"నీవు గూడా టెంకాయ లేపుతుండావా అమ్మణీ?"

నాకు ఏడుపు ఆగలేదు. ఆయన నన్ను ఏడవనిచ్చాడు. కూతురు లోపల నుంచి వచ్చి చూసి, మళ్ళీ లోపలికి పోయింది.

"నాయనకు చెప్పేస్తాను మామా. ఈసారి చెప్పేస్తాను. మీకు ఆయనతోనే చెంబు ఇప్పిస్తాను."

"వద్దు. ఇంగ ఎందుకు? తోట పోయె, మీ అమ్మ పోయె. ఆయన కోపగించుకునేదానికి నేనొకడిని ఉండాను. అది గూడా పీకేస్తే ముసిలాయప్ప యాడ నిలబడతాడు?" కాస్సేపు ఊపిరి తీసుకున్నాడు. "తప్పు నాదే అమ్మణీ. చూసేవానికి కంట్లో తడుండకూడదు. ఆ పొద్దు ఉండె."

సీసా నా చేతిలో పెట్టాడు. "పోయేటప్పుడు దాహమేస్తది, నీవు తాగు" అన్నాడు. నేను బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మూత తీయలేకపోయాను. మామ వద్దన్నాడు కదా అని నాయనకు ఆ రోజూ చెప్పలేదు. వద్దనడం నాకు ఎంత హాయిగా అనిపించిందో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం. రెండు నెలలకు కూతురు ఫోను చేసింది. కాలువ గట్టు మీదే పూడ్చామని చెప్పింది. చివర్లో నోట్లో నీళ్ళు పోశావా అని అడిగాను. పోశానక్కా, తాగాడు అంది. మా ఇంటివి తప్ప అందరి నీళ్ళూ తాగి పోయాడన్న మాట.

ఇంజనీరు గుర్తు పెట్టిన మర్నాడే బోరు బండి వచ్చింది. అపార్ట్‌మెంటు అదిరిపోతోంది. తెల్లటి పిండి లేచి మూడో అంతస్తులో ఉన్న మా బాల్కనీ దాకా వచ్చి, నాయన చొక్కా మీద, నా జుట్టు మీద పడింది. లోపలికి రమ్మంటే నాయన రాలేదు. రెయిలింగు పట్టుకుని కిందికే చూస్తున్నాడు.

నేను ఆయన చెవి దగ్గర వంగి చెప్పాను. ఆ హోరులో ఆయనకు వినిపించలేదు. ఇరవై ఎనిమిదేళ్ళు దాచిన మాటను అరిచి చెప్పాల్సి వచ్చింది.

"నాయనా! ఆ పొద్దు మామను చోటు చూపించమని నేనే అడిగితిని! గేటు దగ్గర! ఆయన తప్పు లేదు!"

కింద పిండి ఎత్తుతున్న కూలీ ఒకడు తలెత్తి చూశాడు. నాయన నా వైపు తిరగలేదు. కాసేపటికి రాడ్డు మార్చడానికి ఇంజను ఆపారు. ఆ నిశ్శబ్దంలో ఆయన అన్నాడు.

"తెలుసు."

"ఏం తెలుసు?"

"గేటు దగ్గర నీవు ఏడుస్తుంటివి. చూస్తిని. వాడు మళ్ళా వచ్చి నడిచె. టెంకాయ లేచేది ఎట్లుంటది, లేపేది ఎట్లుంటది, నాకు తెలీదా పాపా? చూసి గూడా సరే అంటిని. నాకూ అదే కావల్సుండె."

"మరి తెలిసి గూడా ఆయన్ను అన్నన్ని మాటలు..."

"నిన్ను తిట్టల్ల, లేకుంటే నన్ను తిట్టుకోవల్ల. వాడు దొరికె" అన్నాడు నాయన. "నీ పెండ్లిలో వాడి నోట్లో నెత్తురు నేనూ చూస్తిని. మీ అమ్మ చెంబు తెచ్చి చేతికిచ్చె. పట్టుకోంటే సరిపాయె. పట్టుకోలే."

ఇంజను మళ్ళీ మొదలైంది. ఇద్దరం ఒకరి పక్కన ఒకరం కూర్చున్నాం. నేను మోస్తున్నది నేనొక్కదాన్నే మోస్తున్నానని ఇన్నేళ్ళు అనుకున్నాను. నాయన కూడా మోస్తున్నాడు. మాకిద్దరికీ తేలిక కావాలని ఆయన ఒక్కడు దాహంతో ఉన్నాడు.

మధ్యాహ్నం పిండి రంగు మారింది. బూడిద రంగు, తరువాత బురద, తరువాత ఒక్కసారిగా నీళ్ళు షెడ్డు రేకుల ఎత్తుకు ఎగిరాయి. పిల్లలు కేకలు పెట్టారు. అందరూ ఇంజనీరు చేయి పట్టుకుని ఊపేస్తున్నారు. కాసేపటికి మా తలుపు తట్టారు. వాచ్‌మన్ స్టీలు చెంబు నిండా తేట నీళ్ళు తెచ్చాడు. బిల్డింగులో అందరికంటే పెద్దాయన కదా, మొదటి నీళ్ళు ఆయన తాగాలని సంఘంవాళ్ళు పంపించారట.

నాయన కుర్చీలోంచి లేచాడు. రెండు చేతులా చెంబు అందుకున్నాడు. వాచ్‌మన్ వెళ్ళిపోయాక కూడా నోటి దగ్గరికి ఎత్తలేదు. నీళ్ళు అంచు దాటి ఆయన మణికట్ల మీదికి కారుతున్నాయి.

"కంబానికి బస్సు ఎన్నింటికి?" అని అడిగాడు.

మరిచిపోయాడనుకున్నాను. "ఆయన లేడు నాయనా. చెప్పినాను కదా."

"తెలుసులే. పూడ్చిన చోటు ఆ కూతురికి తెలుసుంటది కదా? బస్సు ఎన్నింటికో చూడు."

నేను ఫోను తీసి చూశాను. ఆయన చెంబు కింద పెట్టలేదు.